సూర్యుడిలో నిలవనిది గోదావరిలో ఉంది

హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల మీద, ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చి వెళ్లినట్టు కనిపించే బండరాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అలాంటి బండ నీడన చేరి, సీసా మూత తిప్పి గుక్కెడు నీళ్లు తాగామనుకోండి. ఈ రెండింటిలో ఏది పాతదని అడిగితే ఎవరైనా బండనే చూపిస్తారు. కానీ ఆ గుక్కెడు నీళ్లలో ఉన్న హైడ్రోజన్ వయసు 1380 కోట్ల ఏళ్లు. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్లే అయింది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ అనే ఊళ్లో ఒక ఉల్క పడింది. దాని నుంచి వేరుచేసిన సూక్ష్మ రేణువుల్లో కొన్ని 700 కోట్ల ఏళ్ల నాటివని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనిషి వయసు కట్టిన గట్టి పదార్థాల్లో అంతకన్నా పాతది తెలియదు. నీళ్లలోని హైడ్రోజన్‌తో పోలిస్తే అదీ చిన్నదే.

విశ్వం ఎలా పుట్టిందన్న మాట రాగానే అందరి చూపూ ఆకాశం మీదికి పోతుంది. ఎంతో దూరాన, ఎప్పుడో జరిగిపోయిన సంగతి అనుకుంటాం. ఆ పుట్టుకనాటి సరుకు మన కుండలో, బావిలో, కంటి తడిలో ఉందన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసం అది చెప్పడానికే.

నీటి అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. బరువులో చూస్తే తొమ్మిదింట ఎనిమిది వంతులు ఆక్సిజన్‌దే. ఆ ఆక్సిజన్ నక్షత్రాల కడుపులో వండిన సరుకు. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాలు బతికి, పేలి, చిమ్మితే మన దాకా వచ్చింది. హైడ్రోజన్ అలా కాదు. దాన్ని ఏ నక్షత్రమూ తయారు చేయలేదు. నక్షత్రాలకు తెలిసింది దాన్ని కాల్చడమే. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు దాదాపు అన్నీ విశ్వం మొదలైన తొలి సెకనులోనే పుట్టినవి.

ఆ తొలి ఘడియల్ని కాస్త నెమ్మదిగా చూద్దాం. మొదటి సెకనులో లక్షో వంతు గడిచేసరికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఏర్పడ్డాయి. అప్పటికి పదార్థంతో పాటు ప్రతిపదార్థం కూడా దాదాపు సమానంగా ఉంది. ఈ రెండూ తగిలితే రెండూ మాయమవుతాయి, వెలుగు మాత్రం మిగులుతుంది. ప్రతి 100 కోట్ల ప్రతికణాలకు 100 కోట్ల పైన ఇంకొక్క కణం ఉంది. జంటలన్నీ నశించాక ఆ ఒక్కటే మిగిలింది. నదులు, నక్షత్రాలు, ఈ అక్షరాలు చదువుతున్న మీ కళ్లు, అన్నీ ఆ ఒక్కటితో కట్టినవే. ఆ ఒక్కటి ఎందుకు ఎక్కువగా ఉందో ఇప్పటికీ భౌతికశాస్త్రంలో తేలని ప్రశ్న. నా మటుకు నాకు సృష్టిలో ఇంతకన్నా పెద్ద వింత కనిపించదు.

నశించిన జంటలు వదిలిన వెలుగు ఎక్కడికీ పోలేదు. ఒక్కో ప్రోటాను చుట్టూ, ఒక్కో న్యూట్రాను చుట్టూ సుమారు 160 కోట్ల కాంతికణాలు మూగి ఉన్నాయి. ఆ వెలుగే ఇక్కడి నుంచి కథను నడిపింది.

న్యూట్రాన్ ఒంటరిగా ఎక్కువసేపు బతకదు. సగటున పదిహేను నిమిషాలకు కాస్త తక్కువే దాని ఆయుష్షు. ఆలోగా ఒక ప్రోటాన్‌తో జత కట్టిందా, నిలుస్తుంది. లేకపోతే విరిగి తానే ప్రోటాన్ అయిపోతుంది. అలా జత కట్టిన ప్రోటాన్, న్యూట్రాన్‌ల కేంద్రకమే డ్యుటీరియం. మామూలు హైడ్రోజన్‌కు రెట్టింపు బరువుండే దాని అన్న. అయితే ఆ కట్టు చాలా బలహీనం. జత కుదిరీ కుదరగానే చుట్టూ ఉన్న వెలుగు కణాల్లో ఏదో ఒకటి దాన్ని కొట్టి విడగొట్టేది. మళ్లీ జత, మళ్లీ విడిపోవడం. ఇటు న్యూట్రాన్ల ఆయుష్షు కరుగుతోంది, అటు విశ్వం వ్యాకోచిస్తూ చల్లబడుతోంది. ఏది ముందు పూర్తవుతుందన్నదే పందెం.

రెండు మూడు నిమిషాలు గడిచేసరికి వేడి 100 కోట్ల డిగ్రీల లోపుకు దిగింది. కేంద్రకాన్ని విడగొట్టగల శక్తి వెలుగుకు చాలక డ్యుటీరియం నిలదొక్కుకుంది. అప్పటికి ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలి ఉంది. ఆ తర్వాత పని చకచకా సాగిపోయింది. డ్యుటీరియం కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం అయ్యాయి. మొత్తం పదార్థంలో బరువు లెక్కన పావు వంతు హీలియం, ముప్పావు వంతు హైడ్రోజన్. ఈనాటికీ ఆ లెక్క పెద్దగా మారలేదు.

పని మాత్రం పూర్తి కాలేదు. విశ్వం ఎంత వేగంగా పలచబడిందంటే, మిగిలిన డ్యుటీరియానికి జోడీ దొరకలేదు. పొయ్యి మీంచి తొందరపడి దించేసిన అన్నంలో పలుకు మిగిలినట్టు, ప్రతి లక్ష హైడ్రోజన్‌లకు రెండున్నర చొప్పున డ్యుటీరియం అలాగే ఉండిపోయింది.

నక్షత్రాలకు డ్యుటీరియం అంటే ఎంత ఆకలో చెప్పాలి. మన సూర్యుడు తాను పుట్టిన మేఘం నుంచి తెచ్చుకున్న డ్యుటీరియాన్ని బాల్యంలోనే, ఇంకా పూర్తి నక్షత్రం కాకముందే, కాల్చేసుకున్నాడు. ఈనాటికీ సూర్యగర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారే దారిలో మొదటి మజిలీ డ్యుటీరియమే. కానీ అక్కడ పుట్టినది పుట్టినట్టే కొద్ది సెకన్లలో కరిగిపోతుంది. నక్షత్రాలు దాన్ని మింగేవే తప్ప మిగిల్చేవి కావు. అందువల్ల ఈ రోజు విశ్వంలో ఎక్కడ డ్యుటీరియం కనిపించినా, అది తొలి మూడు నాలుగు నిమిషాల్లో మిగిలిపోయినదే. కొత్తగా వచ్చి చేరేది లేదనే చెప్పాలి.

1931లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరే ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేస్తూ చేస్తూ, చివర మిగిలిన కాస్తలో ఈ బరువు హైడ్రోజన్ జాడ పట్టుకున్నాడు. 1934లో నోబెల్ వచ్చింది. తన చేతిలో ఉన్నది విశ్వం మొదటి నిమిషాల నాటి సరుకని అప్పుడు ఆయనకు తెలిసే వీలు లేదు. ఆ సిద్ధాంతమే ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు మన గోదావరి దగ్గరికి వద్దాం. భద్రాచలానికి ఎగువన, మణుగూరు దగ్గర అశ్వాపురంలో, నది పక్కన భారజల కర్మాగారం ఉంది. 1991 నుంచి పనిచేస్తోంది. అణు విద్యుత్ కేంద్రాలకు కావాల్సిన భారజలాన్ని, అంటే మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీటిని, అక్కడ గోదావరి నీటి నుంచే తీస్తారు. కిందున్న సింగరేణి బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాట. ఆ బొగ్గును కాల్చిన వేడితో, ఆ పక్కనే పారే నీటిలోంచి 1380 కోట్ల ఏళ్ల నాటి కేంద్రకాలను ఏరుతున్నారు. తెలుగు నేల మీద ఇలాంటి చోటు ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు?

అక్కడ జరిగేదేమిటో దగ్గరగా చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఎత్తయిన ఉక్కు స్తంభాల్లో పైనుంచి నీళ్లు కిందికి జారుతుంటాయి. కింది నుంచి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పైకి లేస్తుంటుంది. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే విషవాయువు అది. ఆ నీటికీ, ఈ వాయువుకూ మధ్య హైడ్రోజన్లు చేతులు మారుతుంటాయి. చల్లగా ఉన్న చోట డ్యుటీరియం నీటి వైపు మొగ్గుతుంది. వేడిగా ఉన్న చోట వాయువు వైపు మొగ్గుతుంది. ఈ చిన్న తేడానే పట్టుకుని చల్లని స్తంభం, వేడి స్తంభం, మళ్లీ చల్లనిది, మళ్లీ వేడిది, ఇలా తిప్పి తిప్పి నీటిని చిక్కబరుస్తారు. గోదావరి నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్లకు ఒక్కటి డ్యుటీరియం. లీటరు నీటిలో తూచితే 30 మిల్లీగ్రాములకు కాస్త పైన. అందుకే టన్ను భారజలం చేతికి రావాలంటే వేలాది టన్నుల నీటిని జల్లెడ పట్టాలి.

చివరికి వచ్చేది చూడటానికి మామూలు నీళ్లే. రంగు లేదు, వాసన లేదు. బరువు మాత్రం పదో వంతు ఎక్కువ. 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఆ గడ్డను గ్లాసెడు మామూలు నీళ్లలో వేస్తే తేలదు, నేరుగా అడుగుకు దిగిపోతుంది. మంచుముక్క మునిగిపోవడం కళ్లతో చూసినా నమ్మబుద్ధి కాని దృశ్యం. భారజలం నాలుకకు కాస్త తియ్యగా తగులుతుందని 2021లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అలాగని అది తాగే నీరు కాదు. అచ్చమైన భారజలంలో నానబెట్టిన పొగాకు విత్తనాలు మొలకెత్తలేదని 1930ల్లోనే గిల్బర్ట్ లూయిస్ ప్రయోగం చేసి చూపించాడు. నీళ్లలో కలిసి ఉన్న కాస్త డ్యుటీరియం వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఎదిగిన మనిషి ఒంట్లో అది దాదాపు రెండు గ్రాములు ఉంటుంది. ఉంగరంలో బంగారమంత బరువు. అదంతా తొలి మూడు నిమిషాల ఆస్తే.

లెక్కలు జాగ్రత్తగా చూసే పాఠకుడికి ఇక్కడ ఒక సందేహం రావాలి. విశ్వం మొదట మిగిల్చింది 40 వేల హైడ్రోజన్లకు ఒక్క డ్యుటీరియం అయితే, గోదావరిలో ఆరేడు వేలకు ఒకటి ఎలా వచ్చింది? ఆరు రెట్లు ఎక్కువ కదా! ఎవరూ కొత్తగా తయారు చేయలేదు, ఒక చోట పోగైందంతే. సూర్యుడు పుట్టకముందు ఇక్కడ ఒక మేఘం ఉండేది. సున్నాకు 240, 250 డిగ్రీల దిగువన ఉండే అంతటి చలిలో ధూళి రేణువుల మీద నీరు మంచుగా పేరుకుంటుంటే, డ్యుటీరియం ఆ మంచులోకి ఎక్కువగా చేరుతుంది. ఆ మంచు గుర్తు మన సముద్రాల్లో, నదుల్లో ఇంకా చెరగలేదు. భూమ్మీది నీటిలో కొంత భాగం సూర్యుడికన్నా ముందే గడ్డకట్టిన మంచు అని 2014లో ఒక పరిశోధక బృందం లెక్కగట్టింది. అదే ఏడాది రోసెట్టా అంతరిక్ష నౌక 67పి అనే తోకచుక్కను చేరి, దాని ఆవిరిలో డ్యుటీరియం పాలు మన సముద్రాల కన్నా మూడు రెట్లు ఎక్కువని కనిపెట్టింది. అంటే మన నీళ్లు అలాంటి తోకచుక్కల నుంచి వచ్చి ఉండవు. కొన్ని రకాల గ్రహశకలాల నీటితో మాత్రం మన నీటికి పోలిక కుదురుతోంది.

డ్యుటీరియం విలువ దాని పాతదనంలోనే లేదు. అది సాక్ష్యం చెబుతుంది. తొలి నిమిషాల్లో పదార్థం దట్టంగా ఉండి ఉంటే డ్యుటీరియం దాదాపు అంతా హీలియం అయిపోయేది. పలచగా ఉండి ఉంటే ఇంకా ఎక్కువ మిగిలేది. కాబట్టి ఎంత మిగిలిందో కొలిస్తే విశ్వంలో మామూలు పదార్థం మొత్తం ఎంతో తెలిసిపోతుంది. 1973లో కోపర్నికస్ ఉపగ్రహం బీటా సెంటారీ నక్షత్రం వైపు చూసి, దారిలోని వాయువులో డ్యుటీరియాన్ని కొలిచింది. 1990ల్లో హవాయిలోని కెక్ టెలిస్కోపు వెయ్యి కోట్ల ఏళ్లనాటి మేఘాల్లో, నక్షత్రాలు ఇంకా పెద్దగా ముట్టని వాయువులో, కొలిచింది. లెక్క ఎటు తిప్పినా వచ్చే జవాబు ఒకటే. నక్షత్రాలు, గ్రహాలు, ధూళి, మనం, అందరం కలిపినా విశ్వం మొత్తంలో 5 శాతం. మిగిలినదాంట్లో 27 శాతం కృష్ణ పదార్థం, 68 శాతం కృష్ణ శక్తి. ఈ రెండూ ఏమిటన్నది ఎవరికీ అంతుపట్టలేదు.

అన్నీ చక్కగా కుదిరాయని చెప్పను. తొలి నిమిషాల లెక్క చెప్పే అదే సిద్ధాంతం లిథియం ఎంత ఉండాలో కూడా చెబుతుంది. పాత నక్షత్రాల్లో చూస్తే అందులో మూడో వంతే కనిపిస్తోంది. ఆ చిక్కుముడి ఇంకా విడలేదు. అలాంటి ముడి ఉండటమే మంచిదని నా నమ్మకం. తర్వాతి తరానికి పని ఉండాలి కదా.

ఈ మూడు నిమిషాల కథను మొదట లెక్కగట్టిన కుర్రవాడి గురించి చెప్పకుండా ముగించలేను. రాల్ఫ్ ఆల్ఫర్. అమెరికాలో పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి కాలేజీలో చదువుకున్నవాడు. జార్జ్ గామోవ్ దగ్గర డాక్టరేట్ చేస్తూ, విశ్వం తొలి వేడిలో మూలకాలు ఎలా ఏర్పడి ఉంటాయో 1948లో లెక్క తేల్చాడు. ఆ సిద్ధాంత వ్యాసాన్ని సమర్థించుకునే రోజున సుమారు 300 మంది వచ్చి కూర్చున్నారట. ప్రపంచం ఐదు నిమిషాల్లో మొదలైందని పత్రికలు రాశాయి. కానీ వ్యాసం అచ్చయ్యేటప్పుడు గామోవ్ సరదాకు, పేర్లు గ్రీకు అక్షరాల వరుసలో వినిపించాలని, ఆ పనితో సంబంధం లేని హాన్స్ బేథే పేరు కూడా చేర్చాడు. ఇద్దరు ఉద్దండుల మధ్య విద్యార్థి పేరు మరుగునపడింది. అదే ఏడాది ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్‌తో కలిసి ఇంకో మాట చెప్పాడు. ఆ తొలి వెలుగు ఇంకా ఉంటుంది, చల్లారి చల్లారి పరమ శూన్యానికి ఐదు డిగ్రీల పైన ఉండి ఉంటుంది, వెతకండి అని. ఎవరూ వెతకలేదు.

ఆ వెలుగు వెతకనివాళ్లకు దొరికింది. 1964లో న్యూజెర్సీలోని హోల్మ్‌డెల్‌లో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ కొమ్ము ఆకారపు ఏంటెనాలో ఒక సన్నని రొద విన్నారు. పావురాల్ని తరిమారు, వాటి రెట్ట కడిగారు, అతుకులకు టేపు వేశారు. రొద పోలేదు. రాత్రీ పగలూ, ఎటు తిప్పినా ఒకే తీరు. అది ఒక్కో ప్రోటాను చుట్టూ మూగిన ఆ 160 కోట్ల కాంతికణాల మిగులు. ఒకప్పుడు డ్యుటీరియాన్ని పుట్టినదాన్ని పుట్టినట్టు విరగ్గొట్టిన ఆ వెలుగే, విశ్వానికి 3 లక్షల 80 వేల ఏళ్లప్పుడు పరమాణువులు ఏర్పడి దారి ఇచ్చాక స్వేచ్ఛగా బయల్దేరి, సాగి సాగి మైక్రోవేవ్‌గా మారింది. 1989లో ఎగిరిన కోబే ఉపగ్రహం, ఆ తర్వాతి పరిశీలనలు దాని వేడిని పరమ శూన్యానికి 2.725 డిగ్రీల పైన అని కచ్చితంగా తేల్చాయి. అంతరిక్షంలో ఏ ఘన సెంటీమీటరు తీసుకున్నా అందులో ఆ తొలి వెలుగు కణాలు సగటున 411 ఉంటాయి. ఈ వెలుగులోని సన్నని హెచ్చుతగ్గుల్ని బట్టి పదార్థం ఎంతో వేరే దారిలో లెక్కగడితే మళ్లీ అదే 5 శాతం వచ్చింది. నీళ్లు చెప్పిందీ, వెలుగు చెప్పిందీ ఒకటే.

1978లో పెంజియాస్, విల్సన్‌లకు నోబెల్ ఇచ్చారు. ఆల్ఫర్‌కు, హెర్మన్‌కు రాలేదు. 2007 జూలైలో అమెరికా ప్రభుత్వం ఆల్ఫర్‌కు జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చినప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు. కొడుకు వెళ్లి అందుకున్నాడు. మరుసటి నెలలోనే ఆల్ఫర్ కన్నుమూశాడు. ఇది అన్యాయమని అనకుండా ఉండలేను. ముందుగా చూసినవాడికి దక్కాల్సిన పేరు తర్వాత తడబడి తాకినవాళ్లకు పోయింది.

బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచర్లకు ఒక మనవి. నీటి పాఠం చెప్పే రోజున బోర్డు మీద ఆ రెండు హైడ్రోజన్లు గీశాక, పక్కనే 1380 కోట్ల ఏళ్లు అని రాయండి. అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు నిమిషాలు చెప్పండి. ఖమ్మం, కొత్తగూడెం వైపు పిల్లలైతే, ఆ నీటిలోని బరువు హైడ్రోజన్‌ను ఏరే కర్మాగారం తమ జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉందని కూడా చెప్పండి. రాల్ఫ్ ఆల్ఫర్ పేరు చెప్పడం మరిచిపోవద్దు.